తాళం వేసే ముందు

ఇంటిపట్టున ఉండి నాలుగు డబ్బులు కళ్లచూసే వాళ్లం మనలో చాలామందిమే ఉన్నాం. ఒకరు జాకెట్లు కుడతారు, ఒకరు ఆర్డరు మీద పచ్చళ్లు, సున్నుండలు చేసి ఇస్తారు, మరొకరు ట్యూషన్లు చెబుతారు. పై అధికారి లేని ఉద్యోగాలు ఇవి. మరి నాలుగు రోజులు ఊరు వెళ్లాలంటే సెలవు చీటీ ఎవరికి ఇవ్వాలి?

మాది పిడుగురాళ్ల, పుట్టిల్లు కారంపూడి. కార్తీక అమావాస్యకు అక్కడ పల్నాటి వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని వరసగా అయిదు రోజులు. కొన్నేళ్ల కిందట నేను ఎవరికీ చెప్పకుండా తాళం వేసి వెళ్లాను. ఒక పెళ్లికూతురి జాకెట్లు మూడు, కత్తిరించినవి కత్తిరించినట్టే మిషను పక్కన ఉన్నాయి. తాళంచెవి నా కొంగున ఉంది. పిల్ల తల్లి మూడుసార్లు వచ్చి తాళం చూసి పోయిందట. నేను తిరిగి రాగానే కొలత జాకెట్టుతో సహా అన్నీ పట్టుకుపోయింది. తిట్టినా బాగుండేది, ఒక్క మాట అనలేదు. మళ్లీ ఆ ఇంటి గుడ్డ మా గడప తొక్కలేదు.

అమావాస్య ఎప్పుడో ఉగాదినాటి పంచాంగంలోనే ఉంది కదా, ముందే ఎందుకు చెప్పలేదు అంటారేమో. భయం! చెబితే గుడ్డ ఇంకో టైలరు దగ్గరికి పోతుందని. చెప్పనందుకు గుడ్డతోపాటు మనిషి కూడా పోయింది.

ఈ వ్యవహారంలో చట్టం ఏమంటుందో వింటే కొంత తేట పడుతుంది. కాగితం రాసుకోకపోయినా మన జాకెట్టు బేరం కూడా ఒప్పందమే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, గడువే ముఖ్యమైన పనిని గడువుకు ఇవ్వకపోతే ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు అవతలివారిది. పెళ్లి జాకెట్టుకంటే గడువు ముఖ్యమైనది ఇంకేముంటుంది చెప్పండి! గడువు పెంచే హక్కు కూడా పని చేయించుకునేవారిదే. అందుచేత గుడ్డ పుచ్చుకున్నాక సెలవంటే గడువు పెంచమని బతిమాలడం అవుతుంది. గుడ్డ పుచ్చుకోకముందే చెబితే అది బేరంలో ఒక మాట, అంతే. ఇష్టమైతే ఇస్తారు, లేదా ఇంకోచోటికి వెళతారు. వెళ్లినా కోపంతో వెళ్లరు.

చెప్పేటప్పుడు కూడా "వెళ్లొచ్చా అండీ" అని అడగక్కర్లేదు. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఏడాదిలో 240 రోజులు పనిచేసిన వారికి, ప్రతి 20 రోజుల పనికీ ఒక రోజు చొప్పున జీతంతో సెలవు రాసిపెట్టింది. మన సెలవుకి జీతం ఎటూ లేదు. అనుమతి కూడా ఇంకొకరి చేతిలో పెట్టడం ఎందుకు? "పదో తారీఖు నుంచి పదిహేను దాకా ఊళ్లో ఉండనండీ, పదహారు నుంచి మళ్లీ కుడతాను. మీకు ఈలోగా కావాలంటే రేపటికల్లా గుడ్డ ఇవ్వండి" అంటే చాలు. ఒంట్లో బాగాలేదనీ, అత్తగారికి జబ్బనీ కథలు అల్లకండి. నిజంగా జబ్బు చేసిననాడు ఎవరూ నమ్మరు.

ఎన్నాళ్ల ముందు చెప్పాలి? మా ఊరి సున్నపు బట్టీ చూసినవాళ్లకు ఇది తేలిగ్గా తెలుస్తుంది. పైనుంచి సున్నపురాయి, బొగ్గు వరసలుగా వేస్తారు, కాలిన సున్నం కిందనుంచి తీస్తారు. ఇవాళ ఆపుదామనుకుంటే ఇవాళ ఆగదు. పైన వేయడం ముందు మానేస్తే, లోపలున్నది కాలి కిందికి దిగుతుంది. కుట్టుపని కూడా అంతే. చేతిలో ఉన్నది ముగియడానికి పది రోజులు పడుతుందనుకుంటే, పది రోజుల ముందునుంచే కొత్త గుడ్డ పుచ్చుకోకూడదు. అది మొహమాటస్తుల వల్ల కాదు, నాకైతే రెండేళ్లు పట్టింది! చెప్పడం అంతకు ముందే, గుడ్డ తెచ్చిన ప్రతివారికీ విడివిడిగా చెప్పాలి. గుమ్మానికి అట్ట కట్టడం, ఫోనులో రెండు ముక్కలు పెట్టడం ఆ తరవాతి మాట. పని ముగించలేమని తోస్తే అడ్వాన్సు, గుడ్డ వెళ్లకముందే తిరిగి ఇచ్చేయాలి.

ఇంకొక సంగతి కూడా ఉంది. సెలవు చెప్పేది మనమే కాదు, మనకూ చెబుతారు. పోయిన శివరాత్రికి మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడ కోటప్పకొండ తిరునాళ్లకు వెళతానని వారం ముందే చెప్పింది. "ఇప్పుడే వెళ్లాలా?" అన్న మాట నా నోటిదాకా వచ్చింది. విసుక్కుంటే వచ్చే ఏడు చెప్పకుండా పోతుంది, నేను పోయినట్టే. మింగేసుకుని, ఎప్పుడొస్తావు అని మాత్రం అడిగాను. మూడోనాడు పొద్దున్నే అంది. మూడోనాడు నేను లేచేసరికి పెరట్లో గిన్నెల చప్పుడు వినబడింది.