సర్పంచ్‌గా పనిచేసిన రైతు పురపాలక బరిలో నిలిస్తే...

ఊరి చెరువు కింద సాగు చేసుకుంటూ, ఏళ్ల తరబడి వార్డు సభ్యుడిగానో సర్పంచ్‌గానో సేవలందించిన రైతు పురపాలక ఎన్నికల్లో పోటీ చేయడం తెలంగాణలో అరుదైన విషయమేమీ కాదు. 2018లో పెద్ద సంఖ్యలో కొత్త పురపాలక సంఘాలు ఏర్పడ్డాయి. అనేక గ్రామ పంచాయతీలు పట్టణాల్లో విలీనమయ్యాయి. పొలమూ ఇల్లూ ఉన్నచోటే ఉన్నాయి, పాలనా విధానం మాత్రం మారింది. ఈ మార్పును అటు అభ్యర్థి, ఇటు ఓటరు అర్థం చేసుకోవడం అవసరం.

మొదటి తేడా ఎన్నిక విధానంలోనే ఉంది. సర్పంచ్‌ను గ్రామ ఓటర్లందరూ పార్టీ గుర్తులతో సంబంధం లేకుండా నేరుగా ఎన్నుకుంటారు. పురపాలక సంఘంలో ఓటరు ఎన్నుకునేది తన వార్డు కౌన్సిలర్‌ను మాత్రమే. గెలిచిన కౌన్సిలర్లు తమలో ఒకరిని ఛైర్‌పర్సన్‌గా ఎన్నుకుంటారు. ఎన్నికలు పార్టీ ప్రాతిపదికన జరుగుతాయి కనుక బి-ఫారం, విప్ కీలకమవుతాయి. శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు పదవీరీత్యా సభ్యులుగా ఓటు వేయవచ్చు. 2020 జనవరిలో 120 పురపాలక సంఘాలకు ఎన్నికలు జరిగినప్పుడు కొన్నిచోట్ల ఈ ఓట్లే ఫలితాన్ని నిర్ణయించాయి. ఊరంతటి అభిమానం పొందిన వ్యక్తికైనా పట్టణ పీఠం దక్కుతుందన్న హామీ లేదు.

రెండవది అధికారాల పరిధి. పంచాయతీల బాధ్యతలను సూచించే రాజ్యాంగ 11వ షెడ్యూలులో 29 అంశాలున్నాయి. వాటిలో మొదటిది వ్యవసాయం. చిన్న నీటిపారుదల, పశుసంవర్ధకం కూడా అందులో ఉన్నాయి. పురపాలక సంఘాలకు సంబంధించిన 12వ షెడ్యూలులోని 18 అంశాల్లో మొదటిది పట్టణ ప్రణాళిక, రెండవది భూ వినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ. అందులో సాగుకు స్థానం లేదు. గ్రామీణ ఉపాధి హామీ పనులు కూడా పట్టణ పరిధిలో ఉండవు. గ్రామస్థులంతా కూర్చుని ప్రశ్నించే గ్రామ సభకు సమానమైన వేదికా లేదు. 3 లక్షలు, ఆపైన జనాభా గల పట్టణాల్లోనే వార్డు కమిటీలను రాజ్యాంగం తప్పనిసరి చేసింది.

అయితే రైతుకు అన్నీ దూరం కావు. సాగు భూమి పట్టణ పరిధిలో ఉన్నా పీఎం-కిసాన్ సాయానికి అర్హత ఉంటుంది. కౌన్సిలర్ పదవి అందుకు అడ్డంకి కాదు. నగరపాలక సంస్థ మేయర్‌గా పనిచేసిన వారికి మాత్రం ఆ పథకం వర్తించదు.

రైతు ప్రతినిధి అవసరం అన్నిటికన్నా స్పష్టమయ్యేది భూ వినియోగంలోనే. 2023 జనవరిలో కామారెడ్డి పట్టణ ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో తమ పంట భూములను పారిశ్రామిక ప్రాంతంగా చూపారంటూ విలీన గ్రామాల రైతులు ఆందోళనకు దిగారు. చివరకు ఆ ముసాయిదాను రద్దు చేయాలని పురపాలక మండలి తీర్మానించింది. రైతు భూమి భవితవ్యం మండలి సమావేశంలో చర్చకు వస్తుందని ఆ ఉదంతం చాటింది.

కనుక పంచాయతీ అనుభవం విలువైనదే కానీ, అదొక్కటే చాలదు. మాస్టర్ ప్లాన్ పటాన్ని చదవగలరా, అభ్యంతరాలను గడువులోగా నమోదు చేయించగలరా, పార్టీ ఆదేశానికీ వార్డు ప్రయోజనానికీ పొంతన కుదరనప్పుడు ఎటు నిలుస్తారు అన్నవి ఓటరు ఆ అభ్యర్థిని అడగవలసిన ప్రశ్నలు.