నాలుగు చక్రాల తగువు

1977 తొలినాళ్ల చలికాలం. ఆడీ ఇంజనీర్లు ఫిన్లాండ్ మంచులో కొత్త కార్లను పరీక్షిస్తున్నారు. వాటితో పాటు జర్మన్ సైన్యం కోసం ఫోక్స్‌వ్యాగన్ సిద్ధం చేస్తున్న ఇల్టిస్ అనే జీపు కూడా అక్కడికి వచ్చింది. దాని ఇంజను 75 హార్స్‌పవర్‌దే. అయినా మంచు కప్పిన రోడ్డెక్కితే అంతకంటే ఎంతో బలమైన కార్లు దాని వెనకే ఉండిపోయాయి. ఆ కార్లలో ఇంజను బలం రెండు చక్రాలకే అందుతుంది, ఇల్టిస్‌లో నాలుగింటికీ అందుతుంది. తేడా అంతే. ఆడీ ఇంజనీరు యోర్గ్ బెన్సింగర్ ఈ సంగతిని సాంకేతిక విభాగం అధిపతి ఫెర్డినాండ్ పియెక్ చెవిన వేశాడు. జీపులో ఉన్నదాన్ని మామూలు కారులో పెడితే ఎలా ఉంటుందన్నది అతని ప్రశ్న.

ఆలోచన పాతదే. డచ్ కంపెనీ స్పైకర్ 1903లోనే నాలుగు చక్రాలూ లాగే రేసుకారు చేసింది. 1966లో ఇంగ్లండ్‌లో వచ్చిన జెన్సెన్ ఎఫ్ఎఫ్‌లో ట్రాక్టర్ల ఫెర్గూసన్ ప్రోత్సహించిన పద్ధతి వాడారు. అలాంటి కార్లు 320 మాత్రమే తయారయ్యాయి. జపాన్‌లో సుబారు 1972లో లియోనె వ్యాగన్‌కు ఈ ఏర్పాటు చేసింది. కానీ అందులో వెనక చక్రాలను అవసరమైనప్పుడే కలుపుకోవాలి, పొడి రోడ్డు మీద విడదీయాలి.

పొడి రోడ్డు మీద ఎందుకు విడదీయాలి? కారు మలుపు తిరిగేటప్పుడు నాలుగు చక్రాలూ నాలుగు వేర్వేరు దారుల్లో పోతాయి. కళ్లంలో వరుసగా కట్టిన ఎద్దుల్లో గుంజ పక్కనున్నది మెల్లగా అడుగులేస్తుంటే చివరది దాదాపు పరిగెత్తాలి, ఇదీ అంతే. ఒకే ఇరుసు మీది ఎడమ, కుడి చక్రాల మధ్య ఈ తేడాను డిఫరెన్షియల్ సర్దుతుంది. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య కూడా ఇదే తేడా వస్తుంది. ఆ రెండింటినీ ఒకే షాఫ్టుతో గట్టిగా బిగిస్తే తేడాను టైర్లే భరించాలి. మంచులోనూ బురదలోనూ అవి జారి సర్దుకుంటాయి. సిమెంటు నేల మీద జారలేక గెంతుతాయి.

ఆడీకి ఈ పాఠం ఒక పార్కింగ్ దగ్గర తెలిసొచ్చింది. ఇల్టిస్ భాగాలు అమర్చిన ఆడీ 80 నమూనా కారు 1978 జనవరిలో ఆస్ట్రియాలోని టురాహర్ హోహె కనుమలో 23 శాతం వాలును వేసవి టైర్లతోనే ఎక్కేసి పెద్దల్ని ఒప్పించింది. తర్వాత ఫోక్స్‌వ్యాగన్ పరిశోధనాధిపతి ఎర్నెస్ట్ ఫియాలా ఆ కారును వియన్నాకు తీసుకెళ్లాడు. దాన్ని నడిపిన ఆయన భార్య, పార్కింగ్‌లో తిప్పుతుంటే కారు ఎగిరెగిరి పడుతోందని చెప్పింది. రెండు ఇరుసుల మధ్య మూడో డిఫరెన్షియల్ తప్పదని తేలిపోయింది.

దానికి చోటేదీ? మామూలుగా అయితే గేరుబాక్సు పక్కన బరువైన ట్రాన్స్‌ఫర్ కేసు ఒకటి తగిలించాలి. గేరుబాక్సు నిపుణుడు ఫ్రాంజ్ టెంగ్లర్ వేరే దారి పట్టాడు. గేరుబాక్సులోంచి బలాన్ని బయటికి తెచ్చే షాఫ్టును గొట్టంలా బోలుగా చేశాడు. దాని పొడవు 263 మిల్లీమీటర్లు. ఇంజను బలం ఆ గొట్టం ద్వారా వెనక్కి పోయి నడుమ డిఫరెన్షియల్‌ను తిప్పుతుంది. అక్కడ పంపకమై, సగం వెనక ఇరుసుకు పోతుంది. మిగతా సగం గొట్టం లోపలే తిరిగే సన్నని షాఫ్టు మీదుగా ముందు చక్రాలకు తిరిగి వస్తుంది. రాకా పోకా ఒకే దారిన. జీపు యంత్రం కారులో ఇమిడిపోయింది.

1980 మార్చిలో జెనీవాలో ఆడీ క్వాట్రో బయటికొచ్చింది. టర్బో, అయిదు సిలిండర్లు, 200 హార్స్‌పవర్. ర్యాలీల్లో పోటీపడే అర్హతకు 400 కార్లు చేస్తే చాలనుకున్నారు, 1991 నాటికి 11,452 తయారయ్యాయి. 1981లో మిషెల్ మూటన్ ఈ కారుతోనే సాన్‌రెమో ర్యాలీ గెలిచింది. ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ పోటీల్లో ఒక మహిళ గెలవడం అదే మొదలు. 1982లో ఆడీ 80 సెడాన్‌కూ ఈ ఏర్పాటు వచ్చింది. అప్పటిదాకా ర్యాలీ రోడ్లదైన యంత్రం ఆఫీసుకు వెళ్లే కారులోకి దిగింది. 1980ల రెండో సగంలో పాత నడుమ డిఫరెన్షియల్ స్థానంలో టోర్సెన్ అనే రకం వచ్చింది. ఒక ఇరుసు జారడం మొదలవగానే ఇందులోని వార్మ్ గేర్లు ఒరుసుకుని బిగుసుకుంటాయి, బలం పట్టున్న ఇరుసు వైపు మళ్లుతుంది. మీట నొక్కే పనిలేదు.

ర్యాలీలు నేర్పిన పాఠం ఒకరి సొత్తుగా ఉండదు. 1992లో సుబారు ఇంప్రెజా డబ్ల్యుఆర్ఎక్స్ తెచ్చింది. సిలిండర్లు అడ్డంగా పడుకునే బాక్సర్ ఇంజను కాబట్టి బరువు నేలకు దగ్గరగా ఉంటుంది. మాన్యువల్ గేర్ల కారులో నడుమ డిఫరెన్షియల్‌కు జిగురు సిలికాన్ ద్రవం నింపిన పళ్లేల కప్లింగ్ తోడు. 1995లో కాలిన్ మెక్రే ఇంప్రెజాతో ప్రపంచ ర్యాలీ ఛాంపియన్ అయ్యాడు.

2002 మోడల్ ఏడాదికి ఈ రెండు కంపెనీల కార్లూ అమెరికా షోరూముల్లో ఎదురుపడ్డాయి. ఆడీ ఏ4 మూడు లీటర్ల క్వాట్రో 220 హార్స్‌పవర్‌తో 30 వేల డాలర్లు దాటింది. డబ్ల్యుఆర్ఎక్స్ 227 హార్స్‌పవర్‌తో దాదాపు 24 వేల డాలర్లకే దొరికింది. మరి ఆ పై డబ్బు దేనికి? ఏ4 తలుపు వేస్తే బయటి రొద బయటే ఆగిపోతుంది, గతుకు ఒంటికి తగలదు. డబ్ల్యుఆర్ఎక్స్‌లో తలుపు అద్దాలకు చట్రం లేదు, గాలి హోరు వినిపిస్తుంది, సస్పెన్షన్ గట్టిది. కానీ మలుపులో స్టీరింగుకు అది చురుగ్గా స్పందిస్తుంది. ఏ4 ఇంజను ముందు ఇరుసును దాటి ముందుకు ఉండటంతో వేగంగా మలుపు తిప్పితే మూతి బయటికి తోస్తుంది. పైగా దాని ముందు సస్పెన్షన్‌లో ఒక్కో పక్క నాలుగేసి అల్యూమినియం ఆర్ములు. నడక మెత్తదనం వాటి చలవే, వారంటీ ముగిశాక బుష్షులు అరిగితే బిల్లు మోతా వాటిదే.

టైర్ల దగ్గర మాత్రం ఇద్దరు యజమానులదీ ఒకే గోల. నాలుగు టైర్ల చుట్టుకొలతల్లో తేడా పావు అంగుళం, అంటే 6 మిల్లీమీటర్లు దాటకూడదని సుబారు చెబుతుంది. టైరు ఒక మిల్లీమీటరు అరిగితే చుట్టుకొలత 6.3 మిల్లీమీటర్లు తగ్గుతుంది. సగం అరిగిన మూడింటి పక్కన కొత్త టైరు ఒకటి వేస్తే, తిన్నని రోడ్డు మీద కూడా కారు మలుపు తిరుగుతున్నట్టే నడుమ డిఫరెన్షియల్ ఎడతెగకుండా పనిచేస్తూ వేడెక్కుతుంది. ఒక టైరు చీలితే నాలుగూ మార్చాల్సి రావడం అందుకే. అదనపు ఇరుసు బరువు తాగే పెట్రోలు, వెనక డిఫరెన్షియల్ ఆయిలు ఖర్చు దీనికి అదనం.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ఈ యంత్రం కదలడానికి సాయం చేస్తుంది, ఆగడానికి కాదు. బ్రేకులు ప్రతి కారులోనూ నాలుగు చక్రాలకూ ఉంటాయి, మంచు మీద ఆపేది టైరు పట్టు మాత్రమే. మిషిగన్‌లోనో మిన్నెసోటాలోనో ఉంటున్న మన తెలుగువాళ్లు నాలుగు చక్రాల డ్రైవ్ కొన్నామన్న ధీమాతో శీతాకాలపు టైర్లు మానేస్తే, బయల్దేరడం సులువవుతుంది, ఆగడం కాదు. హైదరాబాదు నుంచి విజయవాడ దాకా పొడి రోడ్డు మీద తిరిగేవారికి ఆ మూడో డిఫరెన్షియల్ చాలావరకు మోత బరువే.

2018లో ఆడీ ఈ-ట్రాన్ విద్యుత్ కారు ముందొక మోటారు, వెనకొక మోటారుతో వచ్చింది. రెండు ఇరుసుల మధ్య షాఫ్టు లేదు, నడుమ డిఫరెన్షియల్ లేదు, టెంగ్లర్ గొట్టమూ లేదు. పంపకం కంప్యూటరు చూసుకుంటుంది. అది ఎంత తెలివిగా పంచినా టైరుకున్న పట్టునే పంచగలదు. కాబట్టి రెండు కార్ల మధ్య ఊగిసలాడేవారు ముందు మంచి టైర్లకు డబ్బు పక్కన పెట్టాలి. మిగిలింది నిశ్శబ్దానికి ఖర్చు చేస్తారో, హుషారుకు ఖర్చు చేస్తారో వాళ్లిష్టం.