లోపల ఉంచాలా? వెలికి తీయాలా?

32 వారాలు నిండకముందే గర్భస్థ శిశువు ఎదుగుదల కుంటుపడిందని స్కానింగులో తేలినప్పుడు, దానిని సరిదిద్దే మందు ఏదీ వైద్యుని వద్ద లేదు. దోషం చాలావరకు మావిలో ఉంటుంది. ప్రాణవాయువునూ పోషకాలనూ అందించవలసిన ఆ అవయవమే చాలీచాలకుండా పనిచేస్తున్నప్పుడు, తల్లి ఎంత పుష్టికరమైన ఆహారం తిన్నా బిడ్డకు దక్కేది స్వల్పమే. మిగిలిన మార్గం ఒక్కటే: సమయం చూసి కాన్పు చేయడం. తొందరపడితే ఊపిరితిత్తులూ మెదడూ పక్వం కాని బిడ్డ చేతికి వస్తుంది. ఆలస్యమైతే కడుపులోనే కడతేరవచ్చు.

ఈ సందిగ్ధాన్ని 13 ఐరోపా దేశాల వైద్యులు పరీక్షకు పెట్టారు. ‘గ్రిట్’ అనే ఆ అధ్యయనం 2003లో వెలువడింది. ఏంచేయాలో వైద్యులకే పాలుపోని గర్భిణులలో కొందరికి వెంటనే కాన్పు చేశారు. తక్కినవారి విషయంలో వీలైనంత ఆగారు. అలా ఆగినందువల్ల బిడ్డకు దక్కిన అదనపు గడువు దాదాపు నాలుగు రోజులు. వెంటనే తీసిన వర్గంలో గర్భంలో ఇద్దరు, పుట్టాక 27 మంది మరణించారు. ఆగిన వర్గంలో గర్భంలో 9 మంది, పుట్టాక 18 మంది. మొత్తం 29, 27! మృత్యువు చోటు మార్చుకుందే గాని వెనుదీయలేదు.

మరి సరైన ఘడియను తెలిపేదెవరు? బిడ్డ దేహంలోనే ఒక చిన్న సిర ఉంది. బొడ్డుతాడు తెచ్చే శుద్ధరక్తంలో కొంత భాగాన్ని, కాలేయాన్ని తప్పించి గుండెకు చేర్చే ఈ సిరను డక్టస్ వీనోసస్ అంటారు. దగ్గరయ్యే రైలు కూత హెచ్చుస్థాయిలోనూ, దూరమయ్యే కూత తగ్గుస్థాయిలోనూ వినిపించడానికి కారణమైన సూత్రాన్ని 1842లో క్రిస్టియన్ డాప్లర్ వివరించాడు. అదే సూత్రంతో అల్ట్రాసౌండు యంత్రం ఆ సిరలోని రక్తవేగాన్ని గీతగా చూపుతుంది. గుండె పైగదులు ముడుచుకున్నప్పుడల్లా గీత కాస్త దిగుతుంది. గుండె అలసేకొద్దీ ఆ పల్లం లోతవుతుంది. చివరకు ఆ క్షణంలో ప్రవాహం నిలిచిపోతుంది, లేదా వెనక్కు మళ్లుతుంది.

20 ఐరోపా కేంద్రాలలో 2005 నుంచి 2010 వరకు 503 మంది గర్భిణులతో సాగిన ‘ట్రఫుల్’ అధ్యయనం ఈ గీతనే ఆధారం చేసుకుంది. ఒక వర్గానికి శిశువు గుండె చప్పుడులోని సూక్ష్మమైన హెచ్చుతగ్గులు ప్రమాణం. రెండవ వర్గానికి సిరలో తొలి మార్పు. మూడవదానికి ప్రవాహం నిలిచేదాకా నిరీక్షణ. 2015లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, బతికిన పిల్లలలో రెండేళ్లనాటికి మెదడు ఎదుగుదలలో లోపం లేనివారు మొదటి వర్గంలో నూటికి 85 మంది, మూడవ వర్గంలో 95 మంది. అయితే నిరీక్షించిన వర్గంలో మరణాలు కొద్దిగా ఎక్కువయ్యాయి. ఆ హెచ్చు యాదృచ్ఛికం కావచ్చునంటారు గణాంకవేత్తలు. తల్లిదండ్రులకు ఆ మాట ఎంత ఊరటనిస్తుందో వేరే సంగతి.

కనుకనే నేడు వైద్యులు సిరనూ గుండె చప్పుడునూ జోడించి చూస్తారు. ఏది ముందు హెచ్చరిస్తే దానిని పాటిస్తారు. తల్లి రక్తపుపోటు అదుపు తప్పిందంటే మాత్రం ఈ రెండింటికోసమూ ఆగరు.