గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టూ టవర్లు కట్టొచ్చా? 111 జీవో గొడవ మొదటి నుంచి

ఒకసారి గండిపేట కట్ట మీద నిలబడ్డట్టు అనుకోండి. తూర్పు వైపు చూస్తే కోకాపేట టవర్లు, ఒకటి పూర్తయ్యేలోపు పక్కన ఇంకోటి లేస్తోంది. 2023 ఆగస్టులో అక్కడి నియోపోలిస్ వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. వెనక్కి తిరిగితే చెరువు, చెరువు అవతల ఊళ్లు. ఆ ఊళ్లో ఒక రైతు తన పొలంలో అపార్ట్‌మెంట్ కట్టిద్దామంటే మాత్రం కుదరదు. మధ్యలో గోడేమీ లేదు. కాగితం మీద 84 ఊళ్ల పేర్లున్నాయి, అంతే. ఆ కాగితమే 111 జీవో.

మన శంషాబాద్ మండలం ఊళ్లు కూడా ఆ లిస్టులో ఉన్నాయి. ఎయిర్‌పోర్ట్ వైపు ప్లాట్ కొందామని చూసినవాళ్లు ఎవరైనా ఈ మాట ఒక్కసారైనా వినే ఉంటారు: "అన్నా, అది త్రిబుల్ వన్‌లో ఉంది, వద్దు" అని. లేదంటే దానికి పూర్తి రివర్స్‌లో, "త్రిబుల్ వన్ పోయింది అన్నా, ఇప్పుడే తీసుకో" అని. రెండూ చెప్పేది బ్రోకరే అనుకోండి, అది వేరే సంగతి.

అసలు ఈ రూల్ ఎందుకొచ్చిందో చూద్దాం. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరదలో హైదరాబాద్‌లో దాదాపు 15 వేల మంది చనిపోయారని చెబుతారు. పైన కురిసిన వానకి ఎగువ చెరువులు రెండు వందలకు పైగా ఒకదాని తర్వాత ఒకటి తెగి, ఆ నీళ్లన్నీ కలిసి ఊరి మీద పడ్డాయి. తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన చెప్పింది సింపుల్‌గా ఇదే: ఊళ్లో నది పక్కన గోడలు కడితే చాలదు, వరదని ఊరికి పైనే ఆపాలి. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఈ రెండు నదులూ కిందకొచ్చి లంగర్‌హౌజ్ దగ్గర బాపూఘాట్‌లో కలుస్తాయి.

ఇక్కడ ఒక పాయింట్ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఈ చెరువులు తవ్వింది మొదట వరద కోసం. తాగునీళ్లు దాంతోపాటు వచ్చిన లాభం.

సరే, 1990ల్లోకి వద్దాం. సిటీ పెరుగుతోంది, ఫ్యాక్టరీలు చెరువుల వైపు వస్తున్నాయి. అప్పటికి ఊరి దాహం తీర్చేవాటిలో ఈ రెండూ ముఖ్యమైనవి. హుస్సేన్‌సాగర్ ఏమైందో అందరి కళ్ల ముందే ఉంది: ఒకప్పుడు ఊరికి తాగునీళ్లిచ్చిన చెరువు, తర్వాత ముక్కు మూసుకుని పక్కనుంచి పోయే చెరువు. అందుకే 1994లో ఒక జీవో, దాన్ని సరిచేస్తూ 1996 మార్చి 8న 111 జీవో వచ్చాయి. చెరువుల ఫుల్ ట్యాంక్ లెవెల్ నుంచి 10 కిలోమీటర్ల వరకు కాలుష్యం చేసే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు లాంటివి వద్దంది. శంషాబాద్, రాజేంద్రనగర్, మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, షాబాద్, కొత్తూరు మండలాల్లో 84 ఊళ్లు, దాదాపు 1.32 లక్షల ఎకరాలు దీని కిందికి వచ్చాయి. అందులో సుమారు 90 శాతం భూమిని తోటలు, సాగు, ఖాళీ స్థలాలు లాంటి వాటికే ఉంచాలన్నారు.

ఇళ్ల లెక్క ఎలా ఉంటుందో చెప్తా, దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. జీవోలో ఎఫ్ఎస్ఐ 0.5 అని ఉంది. అంటే మీ ప్లాట్ ఎంతుందో అందులో సగం మాత్రమే కట్టాలి, అదీ అన్ని ఫ్లోర్లూ కలిపి. 200 గజాల ప్లాట్ అంటే 1,800 చదరపు అడుగులు. కట్టగలిగేది మొత్తం 900. మూడు ఫ్లోర్లు వేస్తే ఫ్లోర్‌కి 300 వస్తుంది. అది ఇల్లు కాదు, గది. కొత్త లేఅవుట్ వేస్తే 60 శాతం రోడ్లకి, ఖాళీకి వదలాలి. ఎకరం అంటే 4,840 గజాలు కదా, ప్లాట్లుగా అమ్ముకోగలిగేది 1,936 గజాలు.

లిస్టు బయట అయితే? 2006 నుంచి హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐ మీద లిమిటే లేదు. రోడ్డు ఎంత వెడల్పుంది, చుట్టూ ఎంత ఖాళీ వదిలారు అన్నదాన్ని బట్టి ఎత్తు ఎంతైనా పోవచ్చు. కోకాపేటలో ఆ రేటు రావడానికి ఇదీ ఒక కారణం. ముంబైలో, బెంగళూరులో ఇలా ఉండదు. అంటే గీతకి అటు దేశంలోనే అంత స్వేచ్ఛ ఉన్న రూల్, ఇటు అంత గట్టి రూల్. ఇంత తేడా ఉన్నప్పుడు గొడవ రాకపోతేనే ఆశ్చర్యం.

ఈ రూల్‌కి కోర్టులో పెద్ద పరీక్ష వచ్చింది కూడా శంషాబాద్ మండలంలోనే. పెద్దషాపూర్‌లో ఒక ఆముదం ఉత్పత్తుల కంపెనీ 12 ఎకరాలు కొని ఫ్యాక్టరీ పెడతానంది. కాలుష్య నియంత్రణ మండలి ఒప్పుకోలేదు. అప్పీల్‌లో కంపెనీ గెలిచింది, రాష్ట్ర ప్రభుత్వం కూడా ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చేసింది. కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2000 డిసెంబర్‌లో జస్టిస్ ఎం. జగన్నాథరావు బెంచ్ ఆ మినహాయింపు చెల్లదంది. మంచి తాగునీరు జీవించే హక్కులో భాగమని, హాని జరగదని నిరూపించాల్సింది ఫ్యాక్టరీ పెట్టేవాళ్లేనని చెప్పింది. ఇప్పటికీ లా కాలేజీల్లో ఈ కేసు చదువుతారు. కానీ జాగ్రత్త, ఆ తీర్పు ఫ్యాక్టరీ గురించి. రైతు ఇంటి గురించి కాదు.

ఇప్పుడు రైతు వైపు నుంచి చూడండి. మీ నాన్నకి రెండెకరాలుంది అనుకోండి. బిడ్డ పెళ్లికో, ఆస్పత్రి ఖర్చుకో అమ్మాల్సి వచ్చింది. పక్క ఊరు లిస్టులో లేదు కాబట్టి అక్కడ రేటు ఎన్నో రెట్లు. ఇక్కడ కొనేవాడు రూల్ చూపించి రేటు కొట్టేస్తాడు. తీరా కొన్నాక ఏం చేస్తాడు? ఎత్తైన కాంపౌండ్ గోడ, లోపల ఫామ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్. మొయినాబాద్, చిలుకూరు రోడ్డు మీద బండేసుకుని పోయినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కాలేజీలొచ్చాయి, ఫంక్షన్ హాళ్లొచ్చాయి. పైగా ఔటర్ రింగ్ రోడ్డు హిమాయత్‌సాగర్ పక్కనుంచే పోయింది, 2008లో ఎయిర్‌పోర్ట్ వచ్చింది. "వాళ్లందరి వల్ల పాడుకాని చెరువు నా రెండో ఫ్లోర్ వల్ల పాడవుతుందా?" అని ఊళ్లోవాళ్లు అడిగితే దానికి నీతులు చెప్తే సరిపోదు. రూల్ పెట్టినవాళ్లు సిటీ కోసం పెట్టారు, దాని ఖర్చు మాత్రం 84 ఊళ్ల మీద వేశారు. నష్టపోయే రైతుకి ఇదిగో ఇంత అని జీవోలో ఎక్కడా లేదు. ఏళ్ల తరబడి ఎత్తేయండి అని వాళ్లు అడగడంలో నాకు తప్పేం కనిపించదు.

ఆ డిమాండ్‌కి 2022లో జవాబొచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ మార్చిలో అసెంబ్లీలోనే దీన్ని తీసేస్తామన్నారు. వాదన ఏంటంటే, సిటీకి ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లొస్తున్నాయి, ఈ చెరువుల మీద ఆధారపడటం లేదు అని. ఏప్రిల్ 12న 69 జీవో వచ్చింది. ఆంక్షలు తీసేస్తున్నాం, కానీ చెరువుల నీళ్ల నాణ్యత చెడకూడదు అన్న షరతు పెట్టి, ఎలా చేయాలో చూడమని చీఫ్ సెక్రటరీ కమిటీకి అప్పగించింది. 2023 మే 18న కేబినెట్ పూర్తిగా రద్దు అని ప్రకటించింది. ఆ డిసెంబర్‌లో ప్రభుత్వమే మారింది.

నీళ్లు తాగడం లేదు కాబట్టి రూల్ అక్కర్లేదు అన్న మాట వినడానికి బానే ఉంటుంది. కానీ ఇందాక గుర్తుపెట్టుకోమన్న పాయింట్ ఏంటి? ఆ చెరువులు తవ్వింది వరద కోసం. ఎగువన పొలాలున్నంత కాలం వాన నీళ్లు కొంత భూమిలోకి ఇంకుతాయి, కొంత మెల్లగా కాలువల్లోకి వస్తాయి. అదే నేల కాంక్రీట్ అయితే పడ్డ నీళ్లు పడ్డట్టే దొర్లుకుంటూ వచ్చేస్తాయి. చెరువు త్వరగా నిండుతుంది, గేట్లు త్వరగా ఎత్తాల్సి వస్తుంది. 2025 సెప్టెంబర్ చివర్లో రెండు చెరువుల గేట్లు ఎత్తితే ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి మూసీ వచ్చింది, ప్రయాణికుల్ని బయటికి తేవాల్సి వచ్చింది. అదీ ఎగువ చాలావరకు పొలాలుగా ఉన్నప్పుడు. అందుకే, మంజీరా తాగుతున్నామా, గోదావరి తాగుతున్నామా అన్నదాంతో ఈ గొడవ తేలదు. చాదర్‌ఘాట్, మూసారాంబాగ్‌లో నది ఒడ్డున ఉండేవాళ్లు ఈ 84 ఊళ్ల చర్చలో ఎప్పుడూ మాట్లాడరు, వాళ్లని ఎవరూ అడగరు కూడా.

మరి రైతు సంగతి? న్యూయార్క్‌ది ఇలాంటి కథే. వాళ్ల తాగునీళ్లు క్యాట్స్‌కిల్ కొండల నుంచి వస్తాయి. 1997లో సిటీ ఆ పైనున్న ఊళ్లతో ఒప్పందం చేసుకుంది. అమ్ముతానన్నవాళ్ల భూమి రేటిచ్చి కొన్నారు, ఊళ్లలో మురుగునీటి ఏర్పాట్లకి సిటీయే డబ్బు పెట్టింది. నీళ్లు శుద్ధి చేసే భారీ ప్లాంట్ కట్టడం కంటే అదే చవక అని లెక్కేసుకున్నారు. మన దగ్గరా టీడీఆర్ అని ఉంది. రోడ్డు వెడల్పులో స్థలం పోతే, కట్టుకునే హక్కుని సర్టిఫికెట్‌గా ఇస్తారు, దాన్ని బిల్డర్‌కి అమ్ముకోవచ్చు. 84 ఊళ్ల రైతుకి అలాంటిదే ఇచ్చి, కోకాపేటలో ఎక్కువ అంతస్తులు కావాలన్నవాళ్లు అది కొనాల్సిందే అంటే? రైతు చేతిలో డబ్బుంటుంది, పొలం పొలంగానే ఉంటుంది. అయితే ఒక చిక్కుంది. కోకాపేటలో ఎత్తుకి లిమిటే లేనప్పుడు ఆ సర్టిఫికెట్ ఎవడు కొంటాడు? అంటే ముందు అక్కడ లిమిట్ పెట్టాలి. ఆ మాట ఏ పార్టీ అయినా అంటుందా, మీరే చూడండి.

చివరగా శంషాబాద్‌లో కొనేవాళ్లకి రెండు విషయాలు. ఒకటి, 111 వేరు, ఎఫ్‌టీఎల్ వేరు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండితే నీళ్లు వచ్చే గీత, దాని చుట్టూ పెద్ద చెరువులకి 30 మీటర్ల బఫర్. 111 ఉన్నా పోయినా అక్కడ కట్టడానికి లేదు. 2024లో హైడ్రా గండిపేట దగ్గర కూల్చినప్పుడు చాలామంది ఈ రెండూ కలిపేసి మాట్లాడారు. రెండోది, ఎయిర్‌పోర్ట్. చుట్టుపక్కల ఎంత ఎత్తు కట్టొచ్చో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ రంగుల మ్యాప్ చెబుతుంది, కొన్ని చోట్ల వాళ్ల ఎన్‌ఓసీ తప్పనిసరి. ఆ ఎత్తు నేల నుంచి కాదు, సముద్ర మట్టం నుంచి లెక్క. ఉదాహరణకి పర్మిషన్ 660 మీటర్లు, మీ నేల 615 మీటర్లలో ఉంటే మీకు మిగిలేది 45 మీటర్లే. బ్రోచర్‌లో 30 అంతస్తుల బొమ్మ కనిపిస్తే, ముందు ఆ ఎన్‌ఓసీ కాపీ, హెచ్ఎండీఏ పర్మిట్ నంబర్ వాట్సాప్ చేయమనండి.