ముల్లు కదలకపోతే మీటరు పోయినట్టేనా?



ఇంట్లో పాత అంబాసిడరు కారున్న వాళ్ళకి ఈ బెంగ తెలిసిందే. డాష్‌బోర్డు మీద పెట్రోలు ముల్లు ఉన్నట్టుండి పడుకుంటుంది. ఇంజను వేడి చూపే ముల్లు లేవనంటుంది. "మీటరు పోయిందమ్మా, మార్చాలి" అనేస్తారు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద 1950ల చివర్లో మన దేశంలో మొదలైన ఈ కారు తయారీ 2014లో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో ఆగిపోయింది. కనుక ఉన్న మీటరుని తేలిగ్గా పారేసుకోకూడదు. చాలాసార్లు చెడేది మీటరు కాదు, దాని వెనకాల తీగ పట్టు.

ముందు చూడవలసింది, ఆగింది ఒక్క ముల్లా, అన్నీనా అని. ఒక గదిలో దీపం వెలగకపోతే బల్బు చూస్తాం, ఇల్లంతా ఆరిపోతే ఫ్యూజు చూస్తాం కదూ? ఇక్కడా అంతే. అన్నీ ఒకేసారి ఆగితే ఫ్యూజో, అన్నిటికీ కలిపి ఉన్న తీగో. ఒక్కటే ఆగితే దాని సొంత తీగో, టాంకులో ఉండే ఫ్లోటు లాంటి పరికరమో. స్పీడు మీటరు మాత్రం కరెంటుది కాదు, తిరిగే కేబులుతో నడుస్తుంది. వేడి చూపే మీటరుకి కొన్ని కార్లలో తీగ బదులు సన్నని గొట్టం ఉంటుంది. దాన్ని వంచకండి, కత్తిరించకండి.

ఇక ఎర్తు సంగతి. కారులో కరెంటు ఒక తీగ మీద వెళ్ళి, ఇనప బాడీ గుండా బ్యాటరీకి తిరిగొస్తుంది. ఎర్తు తీగ బిగించిన చోట తుప్పు పట్టినా, పెయింటు అడ్డుపడినా ఆ దారి మూసుకుపోతుంది. హెడ్‌లైట్లు వెయ్యగానే ముళ్ళన్నీ కలిసి కదిలితే ముందుగా ఎర్తునే అనుమానించండి.

పని మొదలుపెట్టే ముందు తాళంచెవి తీసేసి, బ్యాటరీ నుంచి బాడీకి వెళ్ళే ఎర్తు తీగను మొదట ఊడదీయాలి. లేకపోతే రెంచి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. బ్రిటిష్ పద్ధతి వైరింగులో నలుపు ఎర్తు, ఆకుపచ్చ ఫ్యూజు దాటి వచ్చేది, గోధుమరంగు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది. అయితే ఏళ్ళు గడిచాక రంగులు వెలిసిపోతాయి, మధ్యలో ఎవరో వేరే తీగ వేసి ఉంటారు. అందుకని ఊడదీసే ముందే ఏది ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసుకోండి. ఒక్కో తీగకి ఒక్కో రంగు కుట్టుదారం కట్టినా సరే.

కొసలకి పట్టిన చిలుముని సన్నని ఎమరీ కాగితంతో రుద్ది మెరిపించాలి. రాగిచెంబు తోమినట్టు చింతపండు వాడబోకండి, పులుపు మిగిలిపోయి లోహాన్ని తినేస్తుంది. వదులైన క్లిప్పుని ప్లయరుతో కాస్త నొక్కి బిగించండి. బిగించాక పైన కొద్దిగా వాజలైన్ రాస్తే తడి చేరదు. ఫ్యూజు పోతే అదే రేటింగుది వెయ్యండి. సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టడం నిప్పు కొని తెచ్చుకోవడమే.

ఇంత చేసినా పెట్రోలు ముల్లు లేవకపోతే లోపం టాంకు దగ్గర ఉండవచ్చు. అక్కడ ఒక్క నిప్పురవ్వ చాలు ప్రమాదానికి. ఆ పని ఎలక్ట్రీషియనుకే వదలండి.

వేడి ముల్లు విషయంలో అశ్రద్ధ అసలు పనికిరాదు. పడుకున్న ముల్లు ఇంజను చల్లగా ఉందని చెప్పడం లేదు, అసలేమీ చెప్పడం లేదు. దాన్ని నమ్ముకుని ఎండలో దూరం పోతే నీళ్ళు మరిగిపోయి ఇంజనుకే ముప్పు. బాగుచేసేదాకా రోజూ పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు మాత్రమే, రేడియేటరు మూత తీసి నీళ్ళు చూసుకోండి.

ఇవన్నీ మీరే స్వయంగా చెయ్యాలని కాదు. మెకానిక్కు మీటరు మార్చాలన్నప్పుడు, "ముందు ఫ్యూజూ ఎర్తూ చూడు బాబూ" అని ఒక్క మాట అనగలిగితే చాలు.