దువ్వాడ వంటింట్లో తొలి కీష్

కిందటి శీతాకాలంలో మా అమ్మాయి కళాశాల స్నేహితురాలి పుట్టినరోజు విందుకు వెళ్ళింది. సాయంత్రం కూర్మన్నపాలెంలో బస్సు దిగి, చిన్నబోయిన ముఖంతో ఇల్లు చేరింది. విందులో 'కీష్' అనే వంటకం ముక్కలుగా కోసి అందరికీ వడ్డించారట. ఇందులో ఏముందని అడిగితే, "పాలకూర, గుడ్డు, చీజ్, అంతే" అన్నారట. ఇంతలో పక్కనున్న అమ్మాయి, "అసలు దీన్ని పందిమాంసంతో చేస్తారు కదా!" అన్నదట. ఇక మా అమ్మాయి ఆ పళ్ళెం తినలేక, పక్కన పెట్టలేక, విందు ముగిసేదాకా చేతిలో పట్టుకునే కూర్చున్నది.

"తినకపోయినందుకు బాధ లేదు అమ్మీ. ఎందుకు తినడం లేదని అడిగితే సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకు సిగ్గేసింది" అన్నది.

విజయనగరం నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్న అత్తగారు, "సందేహమున్న దాన్ని వదిలేశావు, మంచి పనే చేశావు బేటీ" అన్నారు. ఆ మాట నిజమే. ధర్మసమ్మతమైనదీ స్పష్టమే, నిషిద్ధమైనదీ స్పష్టమే, ఆ రెంటి మధ్య ఉన్న సందేహాస్పద విషయాలకు దూరంగా ఉన్నవాడు తన ధర్మాన్ని కాపాడుకున్నట్లేనని మహాప్రవక్త (సఅసం) బోధించిన సంగతి మనందరికీ తెలిసినదే. అయితే మా అమ్మాయి అంతటితో ఊరుకోలేదు. "సందేహం తెలియకపోవడం వల్ల వచ్చింది కదా దాదీ, తెలుసుకుంటే పోతుంది కదా!" అన్నది. ఆ రాత్రే తల్లీకూతుళ్ళం తెలుసుకోవడానికి కూర్చున్నాం.

కీష్ ఫ్రాన్సు ఈశాన్య ప్రాంతమైన లోరేన్ వంటకం. ఆ ప్రాంతం జర్మనీ సరిహద్దులో ఉన్నది. పేరు కూడా జర్మన్ భాషలో కేకును తెలిపే 'కూహెన్' అనే మాట నుంచి వచ్చిందంటారు. పూర్వం రొట్టెపిండి పరచి, అందులో గుడ్లు, మీగడ కలిపి పోసి కాల్చేవారు. తరువాత రొట్టెపిండి స్థానంలో వెన్న కలిపిన పొడిపొడిలాడే పిండి వచ్చింది. ప్రసిద్ధి చెందిన 'కీష్ లోరేన్'లో ఉప్పుపట్టిన పందిమాంసపు ముక్కలు తప్పనిసరి. కాబట్టి ఆ పక్కమ్మాయి అన్నది అబద్ధం కాదు. అయితే ఈనాడు పాలకూరతో, పుట్టగొడుగులతో, చేపతో, కోడిమాంసంతో చేసే కీష్‌లు అనేకం. ట్యునీషియా ముస్లిముల ఇళ్ళలో 'తాజీన్' పేరుతో గుడ్లు, మాంసం, చీజ్ కలిపి ఓవెన్‌లో కాల్చే వంటకం కూడా దీనికి దూరపు చుట్టమే. దానికి అడుగున పిండి పొర ఉండదు, అంతే.

లోపల పాలకూరే కదా అని నిశ్చింతగా ఉండవచ్చునా? ఉండకూడదు. 2023 మే నెలలో జరిగిన బ్రిటన్ రాజు మూడవ చార్లెస్ పట్టాభిషేకానికి రాజప్రాసాదం ఒక కీష్‌ను అధికారిక వంటకంగా ప్రకటించింది. లోపల పాలకూర, చిక్కుడు జాతి గింజలు, చీజ్, ఒక సువాసన ఆకు. చూడడానికి మాంసం ఊసే లేదు. కానీ అడుగు పిండిలో వెన్నతోపాటు 25 గ్రాముల 'లార్డ్' కలపమన్నారు. లార్డ్ అంటే పందికొవ్వు. అది చదివి మా అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు.

ఇక చీజ్. పాలను విరిచి గడ్డకట్టించడానికి వాడే రెన్నెట్‌ను పూర్వం దూడల కడుపు నుంచి తీసేవారు. ఇప్పటికీ కొన్ని విదేశీ చీజ్‌లలో అదే వాడతారు. తబూక్‌లో మహాప్రవక్త (సఅసం) ముందుకు జున్నుగడ్డ తెచ్చినప్పుడు, ఆయన కత్తి తెప్పించి, అల్లాహ్ పేరు ఉచ్చరించి దాన్ని కోశారని హజ్రత్ ఇబ్నె ఉమర్ (ర.అ.) ఉల్లేఖనం అబూదావూద్ గ్రంథంలో ఉన్నది. ధర్మసమ్మతంగా జిబహ్ చేయని పశువు రెన్నెట్ విషయంలో ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం ఒకటి, ఇమామ్ షాఫయీ అభిప్రాయం మరొకటి. ఆ చర్చ పండితులది. మన దేశపు గృహిణికి ఒక వెసులుబాటు ఉన్నది. చీజ్ ప్యాకెట్ మీద ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క ఉంటే అందులో పశువుల రెన్నెట్ ఉండకూడదు. మాంసాహారానికి గోధుమరంగు త్రికోణం వేస్తారు. అయితే ఆ ఆకుపచ్చ చుక్క మద్యం సంగతి చెప్పదు. విదేశీ సాస్‌లు, ఆవపిండి ముద్దలు కొనేటప్పుడు వెనుకనున్న చిన్న అక్షరాలు కూడా చదవవలసిందే.

సరే, అన్నీ తెలిశాయి. వండడమే మిగిలింది.

మొదటిసారి పాడైంది, దాచడం దేనికి? 200 గ్రాముల మైదాలో 100 గ్రాముల వెన్న, చిటికెడు ఉప్పు వేసి చపాతీ పిండిలా బాగా మర్దించాను. అదే తొలి తప్పు. చపాతీకి సాగుడు కావాలి, దీనికి అది శత్రువు. పైగా మన సముద్రతీరపు ఉక్కలో వెన్న చేతికే కరిగిపోయింది. రెండవ తప్పు, పచ్చి పిండిలోనే గుడ్ల మిశ్రమం పోసేయడం. మూడవది, పాలకూరను నీరు పిండకుండా వేయడం. ఓవెన్ వేడెక్కకుండానే పెట్టబోతుంటే ఉక్కు కర్మాగారంలో పనిచేసే మా వారు నవ్వారు: "మా కోక్ ఓవెన్ బ్యాటరీలను ఏళ్ళ తరబడి చల్లారనివ్వం. నువ్వు పావుగంటైనా వేడెక్కనివ్వవా?" అక్కడి మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. మా చిన్న ఓవెన్‌కు ఏ పేరు పెట్టాలో ఆ రోజు ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఫలితం: పైన బంగారు రంగు, అడుగున పచ్చి పిండి. మహాప్రవక్త (సఅసం) ఏ ఆహారాన్నీ ఎన్నడూ వంక పెట్టలేదని, ఇష్టమైతే తినేవారని, లేకుంటే వదిలేసేవారని హదీసు. మా అత్తగారు పై భాగం మాత్రం తిని, అడుగు వదిలేసి, ఒక్క మాటా అనకుండా చేతులు కడుక్కున్నారు.

వారం తరువాత మళ్ళీ పూనుకున్నాం. ఈసారి వెన్నను ముక్కలు చేసి ఫ్రిజ్‌లో గట్టిపరచి, వేళ్ళ కొసలతో మైదాలో నలిపితే రవ్వలా అయింది. నాలుగు చెంచాల చల్లని నీటితో ముద్ద చేసి, అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, అప్పడంకర్రతో ఒత్తి, తొమ్మిదంగుళాల కేకు గిన్నెలో అంచులదాకా పరిచాం. ఫోర్కుతో అక్కడక్కడా గుచ్చి, పైన బటర్ పేపర్ వేసి, పిండి ఉబ్బకుండా దాని మీద ఎండు శనగలు పోసి, 190 డిగ్రీల వద్ద పావుగంట కాల్చాం. శనగలు, కాగితం తీసేసి మరో పది నిమిషాలు కాల్చాం. అడుగు గట్టిపడడంలోని రహస్యమంతా ఇదే. ఆ శనగలు కూరకు పనికిరావు కానీ డబ్బాలో దాచుకుంటే మళ్ళీ బరువుకు పనికివస్తాయి.

లోపలికి మాకు తెలిసిన కసాయి దగ్గర తెచ్చిన కోడి కీమాను ఉల్లి, పచ్చిమిర్చి, మిరియాలతో నీరింకేదాకా వేయించాం. ఉడికించి గట్టిగా పిండిన పాలకూర కలిపాం. మూడు గుడ్లు, 200 మిల్లీలీటర్ల క్రీమ్, 50 మిల్లీలీటర్ల పాలు, గుప్పెడు చీజ్ తురుము కలిపి పైన పోశాం. ఓవెన్‌ను 170 డిగ్రీలకు తగ్గించి 35 నిమిషాలు ఉంచాం. వేడి ఎక్కువైతే గుడ్డు విరిగి నీరు వదులుతుంది. గిన్నెను కదిపితే అంచు బిగిసి, నడిమి భాగం కాస్త వణుకుతున్నప్పుడే తీసేయాలి. ఇరవై నిమిషాలు ఆగి కోస్తే ముక్క చెదరలేదు. అత్తగారు అడుగుతో సహా తిని, ఇంకో ముక్క అడిగారు.

ఆ ఆదివారం మా అమ్మాయి ఆ స్నేహితురాళ్ళనే ఇంటికి పిలిచింది. నేను రెండు కీష్‌ల కోసం పిండి కలుపుతుంటే వచ్చి, కొంత పిండి వేరుగా తీసి పెట్టమన్నది. ఎందుకన్నాను. వచ్చేవాళ్ళలో ఒక అమ్మాయి ఇంట్లో గుడ్డు ముట్టరట, ముందే ఫోన్ చేసి అందరినీ అడిగిందట. ఆ పిండిని చిన్న గిన్నెల్లో పరచి, కొత్త చాకుతో తరిగిన బంగాళదుంపల కూర నింపి, వాటిని ముందుగా, విడిగా కాల్చింది. దస్తర్‌ఖాన్ పరిచాక మొదట ఆ పళ్ళేన్నే తీసుకెళ్ళి ఆ అమ్మాయి ముందు పెట్టి, అందులో ఏమేమి వేసిందో ఒక్కొక్కటిగా చెప్పింది.