ఫ్యాటీ లివర్: గ్రేడ్ కాదు, లెక్క కావాలి

సూరత్‌లో లింబాయత్ వైపు వెళ్తే తెలుగు వినిపిస్తుంది. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ వైపు నుంచి సాంచాల (మరమగ్గాల) పనికొచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా అక్కడే ఉన్నాయి. వాళ్ల పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులూ నడుపుతోంది. సాంచాల పనిలోని రాత్రి షిఫ్టులు, వేళ తప్పిన తిండి, నిద్రలేమి కాలేయానికి మంచివి కావు.

2025లో వెలువడిన ఓ అధ్యయనం హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే, 84 శాతం మంది కాలేయంలో కొవ్వు కనిపించింది. సాంచాల కార్మికుల కాలేయాలనూ అంతే శ్రద్ధగా చూడాలి.

అల్ట్రాసౌండ్ చెప్పనిది

‘ఫ్యాటీ లివర్, గ్రేడ్ వన్’ అని రిపోర్టులో రాస్తారు. కాలేయం తెరపై ఎంత తెల్లగా కనిపించిందో చూసి వేసే అంచనా అది. కొవ్వు 20 శాతంలోపు ఉంటే చాలాసార్లు దొరకదు. సూదితో ముక్క తీసే బయాప్సీ కాలేయంలో దాదాపు యాభై వేలవ వంతునే చూస్తుంది.

ఎంఆర్ఐ ఎలా కొలుస్తుంది?

నీటిలోని హైడ్రోజన్, కొవ్వులోని హైడ్రోజన్ అయస్కాంత క్షేత్రంలో ఒకే వేగంతో తిరగవు. 1.5 టెస్లా యంత్రంలో ఆ తేడా సెకనుకు సుమారు 220 చుట్లు. కాస్త వేగం తేడాతో ఆడే రెండు సాంచాల చప్పుళ్లలా, వాటి సంకేతాలు ఓసారి కలుస్తాయి, ఓసారి ఎదురుపడి తగ్గిపోతాయి. ఈ తేడాతో నీటినీ కొవ్వునూ విడదీసే పద్ధతిని థామస్ డిక్సన్ 1984లో చూపారు. ఇప్పుడు ఊపిరి బిగబట్టిన కొద్ది సెకన్లలోనే అనేక సంకేతాలు తీసుకుని, కాలేయంలోని ఇనుము వల్ల వచ్చే పొరపాటునూ సరిదిద్ది, కొవ్వు శాతం చెబుతారు. సుమారు 5 శాతం దాటితే ఫ్యాటీ లివరే.

ఎవరికి అవసరం?

మార్పు తెలుసుకోవాల్సినవాళ్లకు. కొవ్వు 20 శాతం నుంచి 14కు దిగితే, అంటే ఉన్నదాంట్లో 30 శాతం తగ్గితే, కణజాలమూ మెరుగుపడే అవకాశం ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. గ్రేడ్లలో ఆ మార్పు తెలియకపోవచ్చు. అయితే కాలేయం గట్టిపడిందా అన్నది ఈ శాతం చెప్పదు. దానికి ఎలాస్టోగ్రఫీ అనే పరీక్ష కావాలి.

అందుకే అందరికీ ఎంఆర్ఐ అక్కర్లేదు. కాలేయం గట్టిపడే ముప్పును అంచనా వేయడానికి వయసు, రెండు కాలేయ ఎంజైములు, ప్లేట్‌లెట్లతో లెక్కగట్టే ఫిబ్-4 స్కోరు తొలి మెట్టు. 2021లోనే కేంద్రం ఫ్యాటీ లివర్‌ను అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో చేర్చింది. ఫిబ్-4కు కావలసిన రక్తపరీక్ష సాంచాల షెడ్ల దగ్గరికే వెళ్లాలి. ఫలితం చికిత్సను మార్చేవాళ్లకు ఎంఆర్ఐ సర్కారు ఖర్చుతో అందాలి. అధిక బరువున్నవాళ్లు ఆ బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయం కోలుకునే అవకాశం ఎక్కువ. ఆ ప్రయత్నం ఫలిస్తోందో లేదో తెలుసుకునే హక్కు కార్మికుడికీ ఉంది.